సరుకు సర్దే మాస్టారు

వేడెక్కిన తీగతో థర్మోకోల్ కోస్తుంటే ఒక వాసన వస్తుంది. మాడిన చక్కెరకూ కాలిన ప్లాస్టిక్‌కూ మధ్య ఎక్కడో ఉంటుందది. అరకులో మా షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచినా, మంచు దట్టంగా దిగిన పొద్దుటిపూట ఆ వాసన బయటికి పోదు. బట్టలకూ జుట్టుకూ పట్టుకుంటుంది. మొన్న మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి రెక్క ముక్క కోస్తూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం చేతిలో పని ఆపి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన నాకు మొదట తెలిసింది ఇక్కడికి దగ్గర్లోనే, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల వరండాలో. పాత బ్యాటరీకి తీగ తగిలించి, మా అందరినీ దూరంగా జరగమని, థర్మోకోల్ అట్టను రెక్క ఆకారంలో కోసినవారు మా సన్యాసిరావు మాస్టారు.

ఇప్పుడు మేము తయారుచేసేవి మనుషులెక్కే విమానాలు కావు. ఒకరిద్దరు చేతుల మీద మోసుకుపోగలిగినంత ఉంటాయి. లోపల నడిపేవాళ్ళెవరూ ఉండరు. ఆసుపత్రి నుంచి మందులు, టీకాలు, పాముకాటుకు వేసే సూదిమందు తీసుకుని, దారి సరిగా లేని కొండల మీది ఊళ్ళకు ఎగిరిపోయి, పెట్టెను చిన్న గొడుగుతో కిందికి వదిలి తిరిగొస్తాయి. ఈ విద్య ఎక్కడ నేర్చావని అడిగేవాళ్ళకు నేను చదివిన కాలేజీ పేరే చెబుతాను. అది అబద్ధమేమీ కాదు. కానీ అంత బరువైనది గాలిలో ఎందుకు నిలకడగా పోతుందో అర్థమై, ఒళ్ళు జలదరించిన రోజు మాత్రం ఆ వరండాలోనే వచ్చింది.

మాస్టారిది విజయనగరం అవతల ఒక పల్లె. సరుకులు మోసే పెద్ద విమానాల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, రిటైరయ్యాక మాకు సైన్సు చెప్పడానికి కొండెక్కి వచ్చారు. ఆయన పైలట్ కాదు. విమానంలోకి ఎక్కే ప్రతి పెట్టె, ప్రతి మూట ఎక్కడ ఉండాలో లెక్కకట్టి, అక్కడే పెట్టించి, కదలకుండా కట్టించడం ఆయన ఉద్యోగం. పొట్టి మనిషి. ఇస్త్రీ చొక్కా, మంకీ టోపీ. మా చలికి భయపడి ఆ టోపీని క్లాసులో కూడా తీసేవారు కాదు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మొదటిరోజు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారు. నా పేరు సోంబారి. మా కొండల్లో సోమవారం పుట్టిన ఆడపిల్లకు పెట్టుకునే పేరు. కింది నుంచి వచ్చిన టీచర్లకు అది సోమరి అన్నట్టు వినిపించేది, కొందరు నవ్వేవారు కూడా. ఆ నవ్వుకు నేను తల వంచుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన నవ్వలేదు, దాని అర్థమేమిటని అడిగారు. చెప్పాను.

“బాగుంది గుంటా. నిన్ను మర్సిపోడానికి నేదు. వారానికోసారి గుర్తొత్తావు” అన్నారు.

ఆ రోజు ఆయన పుస్తకం తెరవలేదు. కావిడి మోయడం ఎవరికి వచ్చని అడిగితే క్లాసంతా చేతులెత్తింది. వంటశాల నుంచి కావిడిబద్ద తెప్పించి, ఒక వైపు నిండు బకెట్టు, రెండో వైపు సగం బకెట్టు తగిలించి నన్ను ఎత్తమన్నారు. ఎత్తుతూనే నా భుజం నిండు బకెట్టు వైపు జరిగింది. అలా ఎందుకు జరిగావన్నారు. జరగకపోతే ఒరిగిపోతుంది కదా సార్ అన్నాను. బరువు ఏమైనా తగ్గించావా అని అడిగారు. లేదన్నాను. అయితే నువ్వు మార్చింది దూరం అన్నమాట, అని బోర్డు మీద రాశారు: బరువును దూరంతో గుణిస్తే వచ్చేదే తిప్పే శక్తి, రెండు వైపులా అది సమానమైతే బద్ద తిరగదు. పుస్తకంలో భ్రామకం అన్న మాటను నేను అంతకుముందే బట్టీ పట్టాను. సంతకు పనసకాయలూ అల్లమూ మోసే మా నాన్న భుజానికి ఆ సంగతి ముందే తెలుసని ఆ రోజు తెలిసింది. పాఠంలోకి మా ఇల్లు రావడం అదే మొదలు.

థర్మోకోల్ విమానం ఆ చలికాలంలో తయారైంది. దానికి ఇంజను లేదు, చేత్తో విసరాలి. మొదటిసారి విసిరితే ముక్కు పైకెత్తి, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టయి, దభీమని వెనక్కి పడింది. మాస్టారు ముక్కుకు తడిమట్టి అంటించారు. ఈసారి తలకిందులుగా నేలకు గుచ్చుకుంది. కాస్త మట్టి తీశాం, మళ్ళీ విసిరాం, మళ్ళీ తీశాం. చివరికి అది మైదానమంతా నింపాదిగా దాటి, హాస్టల్ చిక్కుడుపందిరి మీద వాలింది. మేమంతా దాని వెనకే పరిగెత్తాం. మాస్టారు కూడా టోపీ పట్టుకుని పరిగెత్తారు.

మర్నాడు ఆయన దాన్ని సరిగ్గా రెక్కల దగ్గర దారం కట్టి వేలాడదీశారు. ముక్కు కిందికి వాలింది. ఆ దారమే రెక్క పైకి లేపే బలమనుకోండి అన్నారు. బరువేమో ఆ దారానికి కాస్త ముందు ఉంది, అందుకే వాలుతోంది. తర్వాత ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి వేశారు. ముక్కు మెల్లగా లేచి, విమానం అడ్డంగా నిలిచింది. తోక ఎటు తోస్తోందో చెప్పమన్నారు. పైకి అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. ఆయన ఒక కాగితం ముక్క తెచ్చి, తోక ఏ వాలులో ఉందో చూపించి, గాలి దాన్ని కిందికి నొక్కుతోందని తేల్చారు. నాకు మింగుడుపడలేదు. రెక్క కష్టపడి పైకి లేపుతుంటే తోక కిందికి నొక్కడమేమిటి, రెక్క మీద ఇంకో బరువు వేసినట్టు కాదా అని అడిగాను. అవును, ఆ బరువు కూడా రెక్కే మోయాలన్నారు. దాంతో వచ్చే లాభమేమిటో తర్వాత చెప్పారు. వేగం తగ్గితే తోక నొక్కుడు కూడా తగ్గుతుంది, ముక్కు దానంతటదే కాస్త వాలుతుంది, వాలితే వేగం తిరిగి వస్తుంది. వేగం మరీ పెరిగితే తోక గట్టిగా నొక్కుతుంది, ముక్కు లేస్తుంది, వేగం సర్దుకుంటుంది. గాలి ఎటు ఊపినా విమానం తన తీరుకు తానే వస్తుంది. అయితే పైలట్ నిద్రపోవచ్చా సార్ అని మా లక్ష్మి అడిగింది.

“నిద్దరపోకూడదమ్మా. అలాగని నడిపే కర్రట్టుకుని ఏలాడక్కర్నేదు” అన్నారాయన.

నాకు ఇంకొక అనుమానం మిగిలింది. రెక్క లేపేది బరువుకూ తోక నొక్కుడుకూ సరిపోయి, ఇంజను లాగేది గాలి అడ్డుకునేదానికి సరిపోతే, ఇక విమానం కదలడానికి ఏం మిగులుతుంది? అన్నీ సమానమైతే ఆగిపోవాలి కదా. దీనికి ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కొన్నాళ్ళకు మమ్మల్ని బొర్రా గుహలకు కిరండూల్ రైల్లో తీసుకెళ్ళారు. రైలు కుదుపు లేకుండా ఒకే తీరుగా పోతున్నచోట నా చేతికొక జామకాయ ఇచ్చి పైకి విసరమన్నారు. విసిరాను. నా చేతిలోనే పడింది. నువ్వు కూర్చున్నావా పరిగెడుతున్నావా అని అడిగారు. కిటికీలో చెట్లు వెనక్కి పోతున్నాయి, జామకాయకు మాత్రం ఆ సంగతే పట్టలేదు. సమంగా ఉండడమంటే ఆగిపోవడం కాదనీ, పోతున్న తీరు మారకపోవడమనీ ఆయన చెప్పేలోపే నాకు తట్టింది. ఆ తర్వాత సొరంగం వచ్చి పిల్లలంతా కేకలు వేశారు. నేను చీకట్లో జామకాయ పట్టుకుని కూర్చున్నాను.

పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాను. అరకులోనే ఇంటర్‌లో చేరాను. ఆ ఏడాది మిరియాలు కోసే రోజుల్లో మా నాన్న మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు మీది నుంచి జారిపడ్డాడు. తుంటి విరిగింది. కబురు తెలిసి నేను అనంతగిరి కొండల్లో ఉన్న మా ఊరు జీలుగుపుట్టుకు వెళ్ళిపోయాను. వెళ్ళినదాన్ని అక్కడే ఉండిపోయాను. కాఫీ పళ్ళు ముదిరి రాలిపోతున్నాయి, చోడిచేను కోతకొచ్చింది, చెల్లి చిన్నది, మేకలున్నాయి. నన్ను ఎవరూ ఉండిపొమ్మనలేదు. ఉండిపోక ఎలాగన్నది ఎవరికీ తెలియలేదు, అంతే. పుస్తకాల సంచి చూరుకు వేలాడదీశాను.

ఒక ఆదివారం మాస్టారు జీపు దిగి, కాలిబాటన రొప్పుతూ మా ఇంటికి వచ్చారు. నాన్న మంచం మీద నుంచే దండం పెట్టాడు. చదువు మాట మాస్టారు ఎత్తకముందే నాన్న ఎత్తాడు.

“గుంట ఎల్లిపోతే ఇల్లు నడవదు మాస్టారూ. తిరగబడిపోద్ది” అన్నాడు.

మాస్టారు వాదించలేదు. చదువు గొప్పదని ఉపన్యాసం ఇవ్వలేదు. బుట్ట ఒకటి అడిగి నడుముకు కట్టుకుని, మాతో కాఫీ తోటలోకి వచ్చారు. పళ్ళు కోస్తూ, ఊసుపోక మాట్లాడుతున్నట్టు ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారని అడగడం మొదలుపెట్టారు. నీళ్ళు ఎవరు తెస్తారు? నేను. మేకలు? నేను. పళ్ళ తొక్క తీసేది? నేను. గింజలు ఎండబోసి కాపలా కాసేది? నేను. మిరియాలు దూసేది? అదీ నేనే. పక్క చెట్టు దగ్గర ఉన్న అమ్మ చెయ్యి ఆగింది.

“అన్నిటికీ నువ్వే అంటన్నావేటే? మరి మేమేటి సేత్తన్నాం?” అంది.

అని నవ్వింది. నాన్న పడ్డ తర్వాత అమ్మ నవ్వగా వినడం అదే. ఆ నవ్వులోనే ఏదో సడలింది. సాయంత్రం ఇంటికి చేరాక, ఎవరు ఏం చేయగలరన్నది అమ్మే ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయింది. మేకల్ని చిన్నాన్న మందలో కలపవచ్చు. కాఫీ కోతకు ఇరుగు పొరుగు వస్తారు, వాళ్ళ కోతకు తను వెళ్తుంది. సెలవులకు నేను వచ్చి సాయపడతాను. నాన్న అప్పటిదాకా గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి, కూర్చుని చేసే పనులు తనకు ఇవ్వమన్నాడు. మిరియాలు దూస్తానన్నాడు, గింజల దగ్గర కోళ్ళు రాకుండా చూస్తానన్నాడు. తనని ఎవరూ ఏమీ అడగకపోవడమే ఆయనను మంచానికి కట్టేసిందని నాకు అప్పుడు అర్థమైంది. మాస్టారు ఆ మాటల్లో ఎక్కడా అడ్డం రాలేదు. అంబలి తాగుతూ విన్నారు.

మర్నాడు పొద్దున్నే నా సంచి నేను దించుకున్నాను. కొండ దిగుతుంటే ఆయన మాటిమాటికీ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. కర్ర మీద ఆనించిన ఎడమచేతి వేళ్ళు రెండు వంగేవి కావు. వాటికేమైందన్న ప్రశ్న, బడిలో ఎవరమూ అడగడానికి సాహసించనిది, ఆ దారిలో నేను అడిగాను. ఆయన ఒక రాయి మీద కూర్చుని చెప్పారు. ఒకసారి మంచుకొండల మీదికి గోధుమపిండి మూటలూ పెట్టెలూ తీసుకువెళ్తున్నారట. గాలి విమానాన్ని ఘోరంగా కుదిపేసింది, ఒక కట్టు వదులై పెట్టెలు తోక వైపుకు జారిపోయాయి. ముక్కు లేచిపోతోంది. పైలట్ నడిపే కర్రను మొత్తం ముందుకు నెట్టినా దిగడం లేదు. తోకలో ఉన్న శక్తి చాలడం లేదు. మాస్టారూ ఇంకొకాయనా ఆ ఏటవాలులో పాకుతూ, మూట తర్వాత మూట ముందుకు ఈడ్చారు. వేళ్ళు అప్పుడే పెట్టె కింద నలిగాయి. కొన్ని మూటలు ముందుకు చేరాక ముక్కు నెమ్మదిగా దిగింది.

“భయమెయ్యలేదా సార్?”

“ఎందుకెయ్యదు? సచ్చిపోతామనే అనుకున్నాను. కానీ భయాన్ని ఈడిత్తే ముందుకు రాదు గదా సోంబారీ. మూటలైతే వత్తాయి.”

లేచి నడవడం మొదలుపెట్టారు. జీపు దొరికే దాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంటర్ అయింది. ఇంజనీరింగ్ అయింది, కింద పట్నంలో కొన్నేళ్ళ ఉద్యోగమూ అయింది. కొండలకు మందులు చేరవేసే విమానాల పని మొదలవుతోందని తెలిసి, నేనే అడిగి అరకు తిరిగొచ్చాను. మాస్టారు అప్పటికి బడి పని కూడా మానేసి, తన ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నారు. మా మొదటి నమూనా విమానం పెట్టెతో చక్కగా ఎగిరేది. పెట్టెను వదలగానే ముక్కు లేచి, ఊగి, ఒకసారి ఏకంగా వలిసె చేలో కూలింది. మా కుర్రాళ్ళు తోకను మరింత త్వరగా కదిలించేలా ప్రోగ్రాం మార్చుదామన్నారు. మార్చాం. కొంత మెరుగైంది, ఈదురుగాలి రోజున మళ్ళీ కూలింది. అలాంటి సాయంత్రమొకటి నేను ఆయనకు ఫోను చేశాను. సాయం అడగాలని కూడా కాదు, ఆ గొంతు వినాలనిపించింది. ఆయనకు చెవులు సరిగా వినిపించడం లేదు, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, పెట్టె ఎక్కడ పెట్టారని అడిగారు. ముందు భాగంలో సార్, అక్కడే చోటుంది అన్నాను.

“సోటుందనెట్టారా?” అన్నారు. తర్వాత అమ్మ ఎలా ఉందని అడిగారు.

ఫోను పెట్టేశాక మేము గీసుకున్న విమానం బొమ్మను బల్ల మీద పరుచుకున్నాను. పెట్టె బరువు ముందు ఉంది కాబట్టి, దానికి సరిపడా తోకను నొక్కి ఉంచాం. పెట్టె పోయాక ఆ నొక్కుడు మిగిలిపోతోంది, ముక్కు లేస్తోంది. తోకకు ఎంత త్వరగా పని చెప్పినా, ఒక్కసారిగా పోయిన బరువుతో అది పోటీ పడాల్సిందే. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియనిది కాదు. అయినా మా చర్చంతా తోక చుట్టూనే తిరిగింది. మర్నాడు పెట్టెను విమానం బరువంతా కేంద్రీకృతమైన చోటుకే, రెక్కల కిందికే జరుపుదామన్నాను. అంటే విమానం ఒళ్ళంతా కొత్తగా కట్టాలి. మావాళ్ళు మొహాలు వేలాడేశారు గానీ, చివరికి అందరం చేతులు కలిపాం. ప్రోగ్రాం రాసిన కుర్రాడే అందరికంటే ఎక్కువ ఉత్సాహంగా థర్మోకోల్ కోశాడు. ఆ కొత్త విమానం పెట్టెను వదిలినప్పుడు కొద్దిగా పైకి తేలింది, అంతే. ముక్కు కదల్లేదు. వదిలిందో లేదో అని మేము కిందపడ్డ గొడుగును వెతుక్కున్నాం.

మా ఊరి మీదుగా ఎగరేసే రోజుకు మాస్టారిని రమ్మన్నాను. కూతురు తోడు వచ్చి, జీపులో జీలుగుపుట్టు దాకా తీసుకొచ్చింది. అమ్మ ఆయనకు గొంగడి పరిచింది. నాన్న కర్ర ఊతంతో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆశా కార్యకర్త, చంకన పిల్లలతో తల్లులు, బడిపిల్లలు అందరూ మెట్ట మీద చేరారు. గట్టు అవతల నుంచి అది వచ్చింది. తెల్లగా, చప్పుడు పెద్దగా లేకుండా వచ్చి, టీకాల పెట్టెను వదిలి, ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయింది. పిల్లలు పెట్టె వైపు పరిగెత్తారు. మాస్టారు మాత్రం విమానం కనుమరుగయ్యే దాకా తల దించలేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నన్ను దగ్గరికి రమ్మని, చెవిలో చెబుతున్నాననుకుని గట్టిగానే అన్నారు:

“ఏటీ కట్టపడతన్నట్టే నేదు. బాగా సర్దినావమ్మా.”

ఆ తర్వాతి వానాకాలంలో ఆయన పోయారు. నిద్రలోనే పోయారని కూతురు చెప్పింది. నేను వెళ్ళేసరికి వాళ్ళ ఇంటి వరండాలో ఆయన పాత విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఒకామె నర్సు, ఒకామె బస్సు కండక్టరు, మా లక్ష్మి టీచరు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఒకరి తర్వాత ఒకరు ఆయన తమ ఇంటికి ఎప్పుడొచ్చారో చెప్పుకున్నారు. చీకటి పడే ముందు లేచి ఎవరి దారిన వాళ్ళు పనులకు వెళ్ళాం.

ఈ ఏడాది వానలకు ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి దారి మూసుకుపోయినప్పుడు, గట్టు అవతలి ఊళ్ళో ఒక ఏడో తరగతి పిల్లను పాము కరిచింది. అక్కడి ఆరోగ్య కేంద్రంలో మందు అయిపోయింది. ఆసుపత్రి నుంచి ఫోను రాగానే షెడ్డులో అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. గాలి ఎక్కువగా ఉందని ఒకరు, బ్యాటరీ నిన్ననే ఛార్జింగ్ ఎందుకు పెట్టలేదని ఇంకొకరు. నాకూ భయమేసింది. అయినా, ముందు ఏది ఎక్కడుందో చూద్దాం అన్నాను. ఎవరి తప్పన్నది తర్వాత, భయం తర్వాత. బ్యాటరీ ఒకరు తెచ్చారు, మందు ఒకరు సర్దారు, గాలి కాస్త తగ్గే దాకా ఒకరు ఆకాశం చూస్తూ నిలబడ్డారు. విమానం వెళ్ళింది, వచ్చింది. మధ్యలో మేము చేయగలిగింది ఏమీ లేదు, అది తన తీరున తాను పోయింది. కష్టం మీదపడ్డప్పుడు నాకు మొదట నోటికొచ్చే ప్రశ్న, ఏది ఎక్కడుంది అన్నది. అది మాస్టారిది. ఆయన గొంతు, ఆయన యాస నాకు రావు గానీ, ఆ ప్రశ్న మాత్రం నాదైపోయింది.

మూసుకుపోయిన దారి తెరిచాక ఆ పిల్ల తల్లితో కలిసి షెడ్డుకు వచ్చింది. కాలికి ఇంకా కట్టు ఉంది. విమానాన్ని ముట్టుకోవచ్చా అని అడిగింది. రెక్క మీద చెయ్యి వేసి, అంత తేలికైనది తనకు మందు ఎలా తెచ్చిందని అనుమానపడింది. నేను స్టూలు లాగి ఆ పిల్లను కూర్చోబెట్టాను. నీ పేరేమిటి, దాని అర్థమేమిటి అని అడిగి, చెప్పడం మొదలుపెట్టాను.